పునాదికి ముందొక పైరు

ఇల్లు కట్టి చూడుము, పెండ్లి చేసి చూడుమని మన పెద్దలు ఈ రెండు పనులను జతపరచుట ఊరకే కాదు. రెండింటికిని అప్పు చేయుదుము. రెండింటిలోను తొందరపడుదుము. రెండింటిలోను పొరపాటు జరిగినచో దిద్దుకొనుట కష్టము. అయినను పెండ్లికి ముందు ఏడుతరముల సంగతి విచారించు రైతు, ఇంటికి ముందు ఆ యింటిని మోయవలసిన నేలను గూర్చి ఏడు దినములైనను విచారింపడు. ఈ విపరీతమును గూర్చియే ఈ నెల సభ్యులకు కొన్ని మాటలు విన్నవింపదలచితిమి.

మేము వ్యవసాయపు పనులమీద గ్రామములు తిరుగునప్పుడు ప్రతి వేసవియందును ఒకే తీరు చూచుచున్నాము. రైతు స్థలము కొనును, లేదా తన పొలములోనే ఒక మూలను ఇంటికై విడుచును. మేస్త్రీ వచ్చి సిమెంటు బస్తాలెన్ని, ఇనుమెన్ని క్వింటాళ్లు, ఇటుక యెంత, ఇసుక యెన్ని ట్రాక్టర్లు కావలెనో లెక్క వ్రాసి యిచ్చును. ఆ లెక్కలో నేలకు ఒక్క పంక్తియైనను ఉండదు. ముహూర్తమునకు రెండు దినముల ముందు జేసీబీ యంత్రము వచ్చును. గంటకింత యని బాడుగ గనుక దానిని ఒక్క నిమిషము నిలువనీయరు. కంప, చెట్లు, పుట్ట, గట్టు, బోదె, పైమట్టి అన్నియు ఒక్క పూటలో ఊడ్చివేయబడును. ఆ చెత్తయే పల్లములోనికి త్రోయబడును. దానిపై నాలుగు ట్రాక్టర్ల మట్టి పరచుదురు. సాయంకాలమునకు స్థలము అరచేయివలె చదునై కన్నులపండువుగా నుండును. మూడవనాడు ముగ్గుపోసి పునాది త్రవ్వుదురు.

చదునుగా కనబడు నేల వేరు, సిద్ధమైన నేల వేరు. స్థలమును బాగుచేయుటకును పునాది త్రవ్వుటకును నడుమ ఒక వర్షాకాలము గడువనీయవలెననియు, ఆ కాలమున ఆ నేలపై ఒక పైరు వేయవలెననియు మా దృఢమైన అభిప్రాయము. ఇది కాలహరణము కాదు. గోడ లేచుట యెట్లు ఇంటిపనియో, ఇదియు అట్లే ఇంటిపని.

ఈ మాట మేము క్రొత్తగా కల్పించినది కాదు. క్రీస్తుశకము ఆరవ శతాబ్దమునాటి వరాహమిహిరుడు తన బృహత్సంహితలోని వాస్తు ప్రకరణమున, ఇంటికి ఉద్దేశించిన నేలను ముందు దున్ని, విత్తనములు మొలిపించి, ఆవులను అందు నిలిపిన పిమ్మటనే కట్టడమునకు దిగుమని చెప్పియున్నాడు. మూరెడు లోతున గుంట త్రవ్వి, త్రవ్విన మన్ను మరల అందే పోసి చూడుమనియు అతడే చెప్పెను. మన్ను మిగిలినచో నేల శ్రేష్ఠము, సరిపోయినచో మధ్యమము, చాలకపోయినచో అధమము. దీనియందు మంత్రమేమియు లేదు. గట్టి నేలను త్రవ్వినచో మన్ను గుల్లయై పెరుగును గనుక మిగులును. నేలయే గుల్లదైనచో పోసి త్రొక్కిన మన్ను గుంటకు చాలదు. వాస్తు పేరిట ఈశాన్యపు మూలను గూర్చియు, ద్వారబంధమును గూర్చియు దినములకొలది తర్కించు మనము, అదే శాస్త్రము మొట్టమొదట అడిగిన నేలపరీక్షను మాత్రము మరచితిమి.

అయితే ఈ గుంటపరీక్ష ఒక్కటియే మనకు చాలదు. ఏలయన మన జిల్లాలలో విస్తారముగా నున్న నల్లరేగడి ఈ పరీక్షలో మంచి నేలగానే తేలవచ్చును. దాని గుణము వేరు. రేగడిలోని జిగట రేణువులు పలుచని పొరలుగా నుండి, వాన కురిసినప్పుడు ఆ పొరల నడుమకు నీటిని లాగుకొని ఉబ్బును. ఎండ కాసినప్పుడు ఆ నీరు పోయి ముడుచుకొనును. వేసవిలో చేయి దూరునంతటి నెఱ్ఱెలు పడుటయు, తొలకరికి అవి పూడుకొనుటయు ప్రతి రైతు ఎరిగినదే. ప్రత్తికిని శనగకును ఆ గుణము మేలు. ఇంటికి అదియే కీడు. ఇంటి నడిమి నేల కప్పు క్రింద నుండుటచేత ఇంచుమించు ఒకే తడితో నుండును. గోడల వెలుపలి అంచులు మాత్రము ఏటేట తడియుచు ఎండుచుండును. అందుచేత అంచులు లేచుచు దిగుచుండగా నడుమ కదలదు. మొదట తలుపులు పట్టును. తరువాత కిటికీ మూలలనుండి ఏటవాలుగా బీటలు బయలుదేరును. అటుపిమ్మట చప్టా పగులును.

ఇక్కడ మేము చెప్పదలచిన కష్టమంతయు అప్పులో నున్నది. ఇంటి అప్పు పది పదునైదేండ్లు నడచును. బీట రెండవయేటనే కనబడవచ్చును. బీటకు పూత పూసినచో మరుసటి ఏడు మరల తెరచుకొనును, కదలునది గోడ కాదు, నేల గనుక. కట్టిన యింటి క్రింద పునాదిని బలపరచుటకు, మొదట సరిగా వేయుటకంటె ఎన్నో రెట్లు ఖర్చగును. ఆ ఖర్చునకు మరల సంఘమునకే వచ్చి చేయి చాచవలెను, లేదా వడ్డీ వ్యాపారిని ఆశ్రయింపవలెను. పంట చెడినచో ఒక సంవత్సరము నష్టము. పునాది చెడినచో ఒక తరము నష్టము.

కావున మొదటిపని స్థలములో రెండు మూలల నైదారడుగుల లోతు గుంటలు త్రవ్వి పొరలు చూచుట. పైన రేగడి యుండి మూడు నాలుగడుగుల క్రింద గట్టి మొరము తగిలినచో పునాదిని మొరముదాక దింపుట మేలు. ఎంత త్రవ్వినను రేగడియే వచ్చినచో మేస్త్రీ మాటపై ఆధారపడక ఇంజనీరును సంప్రదింపవలెను. ఇట్టి నేలలకై రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థవారు, అడుగున గంటవలె వెడల్పుగా నుండు పొట్టి కాంక్రీటు స్తంభములపై ఇల్లు నిలుపు పద్ధతిని వృద్ధిచేసిరి. ఆ స్తంభములు ఏటేట కదలు పైపొరను దాటి, కదలని లోతున నిలుచును. ఇది అందరకు అవసరము కాదు. ఎవరికి అవసరమో గుంట చెప్పును.

మట్టి ఎంత ఉబ్బునో ఇంటియొద్దనే చూచుకొనవచ్చును. గుంటలోని మట్టిని బాగుగా ఆరబెట్టి, మెత్తగా దంచి, వస్త్రగాలితము పట్టవలెను. ఒకే కొలతగల గాజు గొట్టములు రెండు తెచ్చి, ఒక్కొక్కదానియందు పది గ్రాముల మట్టి పోసి, ఒకదానియందు నీటిని, రెండవదానియందు కిరోసినును నూరు గీతవరకు నింపి, కలియబెట్టి ఒక దినము కదల్పక యుంచవలెను. కిరోసినులో జిగటమన్ను ఉబ్బదు, నీటిలో ఉబ్బును. నీటిలోని మట్టి కిరోసినులోనిదానికంటె సగమునకు మించి పెరిగినచో జాగ్రత్తపడవలెను. రెట్టింపునకు మించినచో మామూలు పునాదిని తలపెట్టరాదు. కాలేజీలయందు చేయు పరీక్షయు ఇదియే. గొట్టములు దొరకనివారు మట్టిని సంచిలో కట్టి దగ్గరి పాలిటెక్నిక్కునకో ఇంజనీరింగు కళాశాలకో తీసికొనిపోయి అడుగవచ్చును. ఎరువు వేయుటకు ముందు మట్టిపరీక్షకు పంపుడని మేము చెప్పిన మాటకు చెవియొగ్గిన రైతులు, ఈ మాటను త్రోసివేయరని నమ్ముచున్నాము.

నేల తరువాత నీరు. నేలను గుంట త్రవ్వి చూడవచ్చును గాని, నీటిని వానయే చూపవలెను. చైత్రమాసమున ఎండి పగిలియున్న స్థలమును చూచి, శ్రావణమున నీరు ఎటునుండి వచ్చి ఎటు పోవునో చెప్పుట ఎంతటి అనుభవశాలికైనను కష్టము. ఎగువ పొలములవారు గట్టు ఎక్కడ తెంచుదురో, రోడ్డు తూము ఎక్కడ విడుచునో, ఊరి డొంకనీరు ఏ దారిని పట్టునో ఒక వర్షాకాలము నిలిచి చూచినవానికే తెలియును. మనము చదునుచేసి పూడ్చిన చిన్న బోదె పనికిరానిది కాదు. అది ఎన్నో యేండ్లుగా నీరు తనకై చేసికొనిన దారి. దారిని పూడ్చినంతమాత్రమున నీరు రాక మానదు. దారిలేక యింటిలోనికి వచ్చును.

పెద్దయెత్తున ఇది యెట్లు జరుగునో ఇటీవలి సంవత్సరములలో మన కన్నులయెదుటనే చూచితిమి. 2023 జూలై నెలలో భూపాలపల్లి ప్రాంతమున మోరంచవాగు పొంగి మోరంచపల్లి గ్రామము నీట మునిగెను. 2024 సెప్టెంబరు మొదటి దినములలో బుడమేరు వచ్చి విజయవాడలోని పేటలను ముంచెను. వాగులు ఒక్కనాడు క్రొత్తగా పుట్టినవి కావు. అవి పటములలో నున్నవే, పేర్లు గలవే. చిన్న స్థలమునకును ఇదే న్యాయము. గ్రామ నక్షాలోను, సర్వే పటములోను వాగు, డొంక, పోరంబోకు, చెరువు శిఖము ఎక్కడెక్కడ నున్నవో యంత్రమును పిలుచుటకు ముందే చూచుకొనవలెను. చూచినపిమ్మట ఆ వీధిలోని ఇద్దరు ముగ్గురు వృద్ధులను, ముఖ్యముగా అచ్చట పశువులను మేపినవారిని, నీరు ఎంతవరకు వచ్చెనని అడుగవలెను. పటములో లేని సంగతి పశువుల కాపరికి తెలిసియుండును.

నీటిని గూర్చి ఇంకొక లెక్క. వేయి చదరపుటడుగుల కప్పుమీద ఒక్క అంగుళము వాన కురిసినచో రెండువేల మూడువందల లీటర్లకు పైగా నీరు దిగును. నిన్నటివరకు ఆ నేలయంతయు పంచుకొని త్రాగిన నీరు, ఇల్లు లేచిన మరునాటినుండి నాలుగు గొట్టములగుండా గోడల మొదటనే పడును. కావున ఇల్లు చుట్టు నేల గోడనుండి వెలుపలికి వాలియుండవలెను. మొదటి పది అడుగులకు ఆరంగుళముల వాలు తగును. ఇంటి చుట్టు మూడడుగుల వెడల్పున చప్టా యున్నచో మరియు మేలు. మన పాత యిండ్ల ముందు విశాలమైన అరుగులు కూర్చుండుటకు మాత్రమే కట్టినవి కావు. గోడ మొదలు తడియకుండ అవి కాపాడుచుండెను. నేటి యిండ్లలో అరుగు పోయినది, తడి లోపలికి వచ్చినది. ఆ నీరు పొరుగువాని గోడకు పోకుండ గుంటకో కాలువకో చేర్చుట మన ధర్మము. గ్రామములో సగము తగవులు చూరునీటితో మొదలగును.

ఇక స్థలమును బాగుచేయు పని. బాగుచేయుట యనగా బోడిచేయుట యని యనేకులు తలచుచున్నారు. ఏది పోవలెను, ఏది నిలువవలెను అను విచారణయే బాగుచేయుట. ముందుగా పోవలసినది సర్కారుతుమ్మ. ఇది మన నేల చెట్టు కాదు. అమెరికా ఖండపు వైపునుండి తెచ్చి, 1870 తరువాతి దశాబ్దమున కడప జిల్లా కమలాపురము ప్రాంతమున నాటిరి. నేడు అది లేని బీడు లేదు. దానిని నేలమట్టముగా నరికినచో చచ్చుటకు మారుగా పది పిలకలు వేయును. మొదలును అడుగులోతున, వేరుబుడిపెతోకూడ పెకలించినగాని వదలదు. పెకలించిన పిమ్మట వర్షాకాలమున మిగిలిన వేళ్లు చిగిర్చును. అప్పుడు వానిని గుర్తించి రెండవసారి తీయవలెను. ఒక వాన గడువక ముందే పైన ఇల్లు కట్టువాడు ఈ రెండవసారి తీయుట యెట్లు? వయ్యారిభామ సంగతియు ఇట్టిదే. 1955లో పూనా ప్రాంతమున మొదట గుర్తింపబడిన ఈ కలుపు ఇప్పుడు ప్రతి స్థలమునందును ఉన్నది. దుక్కితోడనే దాని విత్తనము మేల్కొనును. పూతకు రాకముందే, చేతులకు తొడుగులు వేసికొని పెరికివేయవలెను. లేనిచో ఆ యింటి పిల్లలకు దురదలు, దగ్గులు తప్పవు.

పెరికిన కంపను, మొద్దులను పల్లములో పూడ్చి పైన మట్టి కప్పుట మేము చూచు తప్పులలో నెల్ల పెద్దది. పూడ్చిన కట్టె క్రుళ్లి కుంగును. దానిపై గచ్చు దిగును. క్రుళ్లుచున్నంతకాలము చెదలకు అది అన్నసత్రము. అన్నము ముగిసినపిమ్మట చెదలు పైనున్న ద్వారబంధములకు ఎక్కును. కావున కట్టె ఒక్క పుల్లయైనను ఇంటి క్రింద నుండరాదు. మొద్దులు వంటచెరకునకు, కంప దడికి, ఆకు పెంటకుప్పకు పోవలెను. అంతయు ఒక్కచోట కుప్పవేసి నిప్పు పెట్టుట సులభమే గాని, గాలి తిరిగినచో పొరుగు గడ్డివాము దక్కదు. పుట్ట యున్నచో పైదిబ్బను త్రోసినంతనే చీమలు, చెదలు పోవు. అడుగుదాక త్రవ్వి, పునాది త్రవ్వినప్పుడు చెదలమందు విషయమై తెలిసినవారి సలహా తీసికొనవలెను. కంప తీయునప్పుడు పాములుండునని యెరుగుదురు గదా. పొడుగు బూట్లు, పొడుగు కర్ర లేక ఆడుకూలీలను వట్టికాళ్లతో కంపలోనికి దింపుట న్యాయము కాదు.

నిలువవలసినవి చెట్లు. వేప, చింత, కానుగ వంటి చెట్టు ఒక మనుష్యుని యాయుష్కాలములో మరల పెరిగిరాదు. అడ్డమని కొట్టుటకు ముందు, ఇంటినే పది అడుగులు జరుపవచ్చునా యని చూడవలెను. వాల్టా యని పిలువబడు 2002 నాటి చట్టమును అనుసరించి చెట్టు కొట్టుటకు అధికారుల అనుమతి పొందవలసి యుండును. సొంత స్థలమైనను అడిగి కొట్టుట మంచిది. రేగడి నేలయందు ఇంకొక సంగతి కలదు. పెద్దచెట్టు తన చుట్టునున్న నేలలోని తడిని లాగివేయును గనుక, చెట్టు ఎంత యెత్తో అంత దూరమున ఇల్లుండుట క్షేమము. అనుమతితో చెట్టును తొలగించినచో, అది యెండగట్టిన నేల నెమ్మదిగా తడి పుచ్చుకొని ఉబ్బనారంభించును. నిన్న చెట్టు కొట్టి నేడు పునాది వేసినవాని గోడను ఆ యుబ్బు క్రిందనుండి ఎత్తును. ముందుగా కొట్టి ఒక వర్షాకాలమైనను గడపినవానికి ఆ యుబ్బులో కొంత పునాదికి ముందే తీరును.

వ్యవసాయదారునిగా మా మనస్సునకు మిక్కిలి బాధ కలిగించునది పైమట్టి గతి. నేలలో సారమంతయు పైయారంగుళములలో నుండును. ఇంటికి అది పనికిరాదు. మెత్తనిది, ఆకు అలము కలసినది, కుంగునది. పెరటికి అదియే బంగారము. ఐదున్నర సెంట్ల స్థలము, అనగా సుమారు 2,400 చదరపుటడుగులనుండి ఆరంగుళముల మందమున తీసినచో 1,200 ఘనపుటడుగుల మట్టి వచ్చును. ఒక్కొక్క ట్రాక్టరు తొట్టికి నూరు ఘనపుటడుగుల వంతున ఇది పన్నెండు బండ్లు. దీనిని పది సెంట్ల పెరటిలో పరచినచో మూడంగుళములకు పైగా నిండును. ఈ పన్నెండు బండ్లను పల్లములో పూడ్చివైచి, రెండేండ్ల పిమ్మట కూరపాదులకు మట్టి కావలెనని వేరొకచోట కొనువారిని మనమెరుగుదుము. యంత్రము వచ్చిన మొదటి గంట పైమట్టిని ఒక ప్రక్క కుప్పపోయించుటకే వినియోగింపవలెను. అటుపిమ్మటనే తక్కిన పని.

పల్లము పూడ్చుటకు చెరువుమట్టి తోలుట మరియొక అలవాటు. చెరువుమట్టి పొలమునకు మంచిది. ఇంటి క్రింద అది రేగడికి తమ్ముడు. పూడ్చుటకు మొరమో గరుసో తగును. అదియు ఒక్కసారి కుమ్మరింపక, ఆరేసి అంగుళముల పొరలుగా పోసి, నీరు చల్లి, దిమ్మిస కొట్టవలెను. ఎంత కొట్టినను పూడిక కొంత కుంగును గనుక, దానిపై వానలు పడి కుంగవలసినది కుంగిన పిమ్మట మరల మట్టము చూచి సరిచేయవలెను. ఎట్లైనను పునాది పూడికమీద నిలువరాదు. పూడికను దాటి అసలు నేలను పట్టవలెను.

ఇప్పుడు పైరు మాట. స్థలమును ఫాల్గుణ చైత్రములలో బాగుచేసి, వైశాఖమున పూడ్చవలసినది పూడ్చి, మృగశిర కార్తె తొలకరికి జనుము చల్లుడు. పిల్లిపెసరయైనను, జీలుగయైనను సరే. ఖర్చు కొంచెమే. వచ్చు తెలివి అధికము. పైరు పసుపుబారినచోట నీరు నిలుచుచున్నదని గ్రహింపుడు. మొలకయే రానిచోట చవుడుండవచ్చును. ఆ చవుడే రేపు ఇటుకలోనికి ఎక్కి పూతను రాల్చును. తుంగ బలిసినచోట లోపల ఊట గలదు. వరుస నడుమ గాడి పడినచోట నీటిదారి గలదు. పైరు ఏపుగా నిలిచిన మిట్టమీద ఇల్లు, పసుపుబారిన పల్లమున పెరటిగుంట, నీటిదారివెంట కాలువ అని నేలయే మీకు నక్షా గీసి యిచ్చును. వంటింటి నీరు, మరుగుదొడ్డి గుంట బావికి ఎగువన పడకుండ ఏర్పరచుకొనుటకును ఇదియే అదను. ఆ గుంటకును బావికిని కనీసము 50 అడుగుల దూరముండవలెను. అంతకు మించినచో మరియు మేలు. నలువది యైదు దినములకు జనుమును కోసి, ఆ కోత నంతటిని పైమట్టి కుప్పలోను పెరటిలోను కలుపుడు. ఇల్లు లేచుచోట మాత్రము కలుపరాదు. వానలు వెనుకబడి నేల ఆరిన పిమ్మట, మాఘ ఫాల్గుణములలో ముహూర్తములకు కొదువయు లేదు, పునాది గుంటలలో నీరును ఉండదు.

దీనికి ఆక్షేపణలు లేకపోలేదు. సిమెంటు ధర పెరుగునందురు. ధర పెరుగవచ్చును, కాని పెరిగిన ధర ఒక్కసారి భరించునది. బీట ఏటేట భరించునది. చేతిలోని రొక్కము కరగిపోవునందురు. ఆ రొక్కమును సంఘములోనే నిలువ యుంచి, నేలపనికి కావలసినంత మాత్రమే తీయవచ్చును గదా. అందరును ఇట్లే కట్టుచున్నారు, ఏమియు కాలేదు అందురు. ఎర్రచెలకలోను, గట్టి గరుసులోను కట్టినవారికి ఏమియు కాకపోవచ్చును. వారి నేల వారిని కాచినది. ఆ యదృష్టమును మన రేగడికి అంటగట్టి అప్పు చేయుట వివేకము కాదు.

ఒక్క ఆక్షేపణకు మాత్రము మేము తలయొగ్గెదము. గుడిసె కూలి, తలదాచుకొన చోటులేని పేద సభ్యుడు వర్షాకాలమంతయు వేచియుండజాలడు. ప్రభుత్వ గృహపు సొమ్ము ఇన్ని నెలలలో వాడుకొనవలెనను గడువున్నవాడును వేచియుండజాలడు. అట్టివానిని ఆగుమనుట కఠినము. అతడు కనీసము రెండు గుంటలు త్రవ్వి పొరలు చూచుట, పటము చూచుట, వృద్ధులనడుగుట, నీటి గొట్టముతో నాలుగు మూలల మట్టము పట్టుట, కట్టెను పూడ్చకుండుట అను నీ యైదును చేయవలెను. వీనికి పట్టునది నాలుగు దినములు. ఇవి చేయుటకు వీలులేని తొందర ఎవరికిని ఉండదు.

సంఘముల పాలకవర్గములకు మా విన్నపము వేరుగా నున్నది. ఇంటి అప్పునకు దరఖాస్తు వచ్చినప్పుడు స్థలపు కాగితములు చూచుచున్నారు, జామీను చూచుచున్నారు, అంచనా చూచుచున్నారు. ఆ అంచనాలో మొదటి పద్దు నేలదిగా నుండవలెనని నిబంధన చేయుడు. గుంటలో ఏమి కనబడినది, నీరు ఎటు పోవును, పైమట్టి ఎచ్చట నిలువయున్నది అను మూడు ప్రశ్నలకు సభ్యుడు జవాబు వ్రాసి యిచ్చిన పిమ్మట తక్కిన వాయిదా విడుదల చేయుడు. వేలకొలది రూపాయల అప్పును నేల మోయుచున్నది. ఆ నేలను చూడకుండ అప్పిచ్చుట, ఎద్దును చూడకుండ బేరమాడుట వంటిది. ఒకే వరుసలో ఇండ్లు కట్టదలచిన నలుగురైదుగురు సభ్యులు కలసి యంత్రమును బాడుగకు పిలిచి, కలసి ఒక్క కాలువ తీసికొన్నచో ఖర్చు పంచబడును, తగవు తప్పును. సహకారమనగా అప్పు పుస్తకములో సంతకములు చేయుట మాత్రమే కాదు గదా.

రైతు సోదరులారా, సోదరీమణులారా! విత్తనము చల్లుటకు ముందు మీరు మన్నును చేతిలోనికి తీసికొని నలిపి చూచెదరు. పదును చూచెదరు. ఎగువ గట్టు చూచెదరు. నాలుగు నెలల పైరునకు ఇంత చూచు మీరు, నలువదియేండ్ల యింటికి ఇంతకంటె తక్కువ చూచుట తగదు. ఈ వేసవిలో స్థలమును బాగుచేయించువారు యంత్రమును పంపివేసిన పిమ్మట మేస్త్రీని పిలువక, నాగలిని పిలువుడు. జనుపగింజలు కావలసినవారు తొలకరికి ముందే సంఘమునందు తమ పేర్లు వ్రాయించుకొనినచో తగినంత విత్తనము తెప్పించుటకు వీలగును.